డిస్క్‌పార్ట్ అడగదు, చేసేస్తుంది

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం హార్డ్‌డిస్క్‌ను కమాండ్లతో విభజించడం గురించే వచ్చాయి. విండోస్‌లో ఆ పని చేసే సాధనం పేరే డిస్క్‌పార్ట్. అందుకే వేరే ప్రశ్నలను పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నాం. కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో వేశాం. మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, కొటేషన్ గుర్తులు వదిలేయాలి.

ప్రశ్న: పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. కొత్తగా 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నాం. నడుస్తున్న పనికి 1 టీబీ, పాత ఆల్బమ్‌లకు మిగతాది కేటాయించాలి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ మధ్యలో బిగుసుకుపోతోంది. డిస్క్‌పార్ట్‌తో చేసే పద్ధతి వరుసగా చెప్పగలరా?
– ఒక స్టూడియో యజమాని, తెనాలి

జవాబు: స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, దానిమీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. 'డిస్క్‌పార్ట్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు 'లిస్ట్ డిస్క్' కొడితే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కులన్నీ 0, 1, 2 నంబర్లతో కనిపిస్తాయి. పేర్లు ఉండవు, సైజులే ఉంటాయి. ఆ సైజులు అట్టపెట్టె మీద ముద్రించినట్టు ఉండవు. తయారీదారు 1000తో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అందుకే మీ 4 టీబీ డిస్క్ 3726 జీబీగా కనిపిస్తుంది. 1 టీబీది 931గా, 500 జీబీది 465గా వస్తాయి.

నంబర్‌ను నిన్నటి జ్ఞాపకంతో కొట్టకండి. పెన్‌డ్రైవ్ ఒకటి అదనంగా తగిలించి రీస్టార్ట్ చేస్తే చాలు, నిన్న 1 అయినది ఇవాళ 2 కావచ్చు. ముందు డిస్క్ పీకేసి ఒకసారి, పెట్టాక ఒకసారి 'లిస్ట్ డిస్క్' కొట్టండి. కొత్తగా చేరిన వరుసే మీది. అది 2 అనుకుందాం. 'సెలెక్ట్ డిస్క్ 2' కొట్టి, వెంటనే 'డీటెయిల్ డిస్క్' కొట్టండి. డిస్క్ మోడల్ పేరు, అది యూఎస్‌బీ మీద ఉందా సాటా మీద ఉందా, అందులో ఇప్పటికే ఏ డ్రైవ్ అక్షరాలున్నాయి అన్నీ చూపిస్తుంది. ఈ తెర చూడకుండా ముందుకు వెళ్లకండి. ఇక్కణ్నించి డిస్క్‌పార్ట్ 'నిజంగానే చేయమంటారా' అని ఒక్కసారి కూడా అడగదు. ఎంటర్ నొక్కిన క్షణంలోనే పని అయిపోతుంది, వెనక్కి తీసుకునే కమాండ్ లేదు.

ఆ తర్వాత 'క్లీన్'. కంపెనీ ముందుగా చేసిచ్చిన పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) పోయి డిస్క్ ఖాళీ అవుతుంది. దానితోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఏమైనా కావాలనుకుంటే ముందే కాపీ చేసుకోండి. తర్వాత 'కన్వర్ట్ జీపీటీ'. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టికకు జీపీటీ కొత్త పద్ధతి. ఇప్పుడు 'లిస్ట్ పార్టిషన్' కొడితే రిజర్వ్‌డ్ అనే పేరుతో 16 ఎంబీ దరిదాపుల్లో ఒక ముక్క కనిపించవచ్చు. విండోస్ తన అవసరానికి పెట్టుకునేది అది, అలాగే ఉండనివ్వండి.

మొదటి భాగానికి 'క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=1048576'. ఇక్కడ సైజ్ ఎంబీల్లో ఇవ్వాలి. 1024ను 1024తో గుణిస్తే వచ్చిన అంకె ఇది. 1000 అని కొట్టి 1 టీబీ వస్తుందనుకుంటే 1 జీబీ కూడా పూర్తిగా రాదు. కొత్త పార్టిషన్ దానంతటదే సెలెక్ట్ అయి ఉంటుంది కాబట్టి నేరుగా 'ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్ఎస్ లేబుల్=పని క్విక్', దాని వెనకే 'అసైన్ లెటర్=డబ్ల్యూ'. రెండో భాగానికి సైజ్ ఇవ్వకుండా 'క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ' అంటే మిగిలిందంతా తీసుకుంటుంది. ఫార్మాట్, అసైన్ మళ్లీ అదే వరుస. అక్షరం మాత్రం వేరేది ఇవ్వాలి. చివర 'ఎగ్జిట్'.

క్విక్ అనే మాట మరిచిపోతే విండోస్ ఆ పార్టిషన్ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. సెకనుకు 150 ఎంబీ వేగంతో రాసినా రెండు భాగాలూ కలిపి 4 టీబీకి ఏడు గంటలు దాటుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే ఒక రోజుకు పైనే. తెర మీద శాతం కదలక బిగుసుకుపోయిందనుకుని చాలామంది వైరు పీకేస్తారు. అయితే కొత్త డిస్క్‌కు ఒకసారి ఈ పూర్తి ఫార్మాట్ చేయించడం మంచిదే. చెడిపోయిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) ఉంటే అప్పుడే బయటపడతాయి, వారంటీలో మార్చుకోవచ్చు. ఒకరి పెళ్లి వీడియో ఎక్కించాక బయటపడితే ఏం లాభం?

నడుస్తున్న పనిని మొదటి భాగంలో పెట్టమన్నదానికి కారణం ఉంది. తిరిగే హార్డ్‌డిస్క్‌లో మొదటి సెక్టార్లు పళ్లెం బయటి అంచున ఉంటాయి, అక్కడ చదవడం, రాయడం వేగంగా సాగుతుంది. మరోమాట. రెండు భాగాలు చేశాం కదా అని ఒకదానికి ఒకటి బ్యాకప్ అనుకోకండి. డిస్క్ కింద పడితే రెండూ కలిసే పోతాయి.

ప్రశ్న: నా దగ్గరున్న 4 టీబీ డిస్క్‌లో 2 టీబీ మాత్రమే వాడుకోగలుగుతున్నాను. మిగతాది ఖాళీగా కనిపిస్తోంది, కానీ దాంట్లో పార్టిషన్ చేయనివ్వడం లేదు. డిస్క్ నకిలీదా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: నకిలీది కాదు. మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పట్టిక పద్ధతిలో ఉంది. ఆ పట్టికలో సెక్టార్ నంబర్ రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది, ఒక్కో సెక్టార్ 512 బైట్లు. రెండూ గుణిస్తే 2048 జీబీ దగ్గర లెక్క ఆగిపోతుంది. మీకు కనిపిస్తున్న ఆ 1678 జీబీకి పట్టికలో అడ్రస్ రాసే వీలే లేదు. 'లిస్ట్ డిస్క్' కొట్టినప్పుడు చివరి నిలువు వరుసలో జీపీటీ కింద నక్షత్రం (*) గుర్తు ఉండదు, చూసుకోండి. లోపలున్నదంతా వేరే డిస్క్‌కు కాపీ చేసి, పై జవాబులో చెప్పినట్టు క్లీన్, కన్వర్ట్ జీపీటీ చేయండి. పార్టిషన్లు ఉన్న డిస్క్‌ను డిస్క్‌పార్ట్ జీపీటీకి మార్చదు, ఖాళీగా ఉంటేనే మారుస్తుంది. ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు. జీపీటీలో విండోస్ 128 వరకు ఒప్పుకుంటుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది. సీ డ్రైవ్ 118 జీబీ, ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. డీ డ్రైవ్‌లో చోటు బోలెడు. డీ నుంచి 100 జీబీ 'ష్రింక్' చేశాను. సీ సెలెక్ట్ చేసి 'ఎక్స్‌టెండ్' అంటే సరిపడా ఖాళీ లేదంటోంది. ఖాళీ కళ్లెదుటే కనిపిస్తోంది కదా?
– గృహిణి, ఆన్‌లైన్ ట్యూషన్ టీచర్, మచిలీపట్నం

జవాబు: ఖాళీ ఉంది, మీకు కావలసిన చోట లేదు. 'లిస్ట్ పార్టిషన్' కొట్టి వరుస చూడండి. సీ, దాని కుడిపక్క కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే ఫైళ్లుండే భాగం), ఆ తర్వాత డీ. చిట్టచివర, ఈ జాబితాలో కనిపించకపోయినా, మీరు తీసిన 100 జీబీ. ష్రింక్ ఎప్పుడూ పార్టిషన్ తోక వైపు నుంచే కోస్తుంది. ఎక్స్‌టెండ్‌కు సరిగ్గా కుడిపక్కనే, మధ్యలో ఏ అడ్డూ లేకుండా ఖాళీ ఉండాలి. మీకు రికవరీ, డీ రెండూ అడ్డంగా కూర్చున్నాయి.

పార్టిషన్లను పక్కకు జరిపే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. జరపడమంటే అవి చేసేది డీలోని ప్రతి బ్లాక్‌ను తీసి ఇంకోచోట రాయడమే. మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే సగం ఇక్కడ, సగం అక్కడ. ఎలాగూ అంత డేటా కదలాల్సిందే కాబట్టి డీని బయటి డిస్క్‌కు కాపీ చేసుకుని శుభ్రంగా చేయడమే మా సలహా. అలా తీసిన కాపీలో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాకే తర్వాతి పనికి దిగండి.

బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉందేమో ముందు చూసుకోండి. 'మేనేజ్-బీడీఈ -స్టేటస్' కొడితే చెబుతుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, 'మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -డిజేబుల్ సీ:' అని తాత్కాలికంగా ఆపండి. కీ దగ్గర లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

తర్వాత రికవరీ సంగతి. దీని కమాండ్ పేరు 'రీఏజెంట్‌సీ': ఆర్, ఈ, ఆ వెంటనే ఏజెంట్, చివర సీ, మధ్యలో ఖాళీలు లేవు. 'రీఏజెంట్‌సీ /ఇన్ఫో' అంటే అది ఏ పార్టిషన్‌లో ఉందో నంబర్‌తో చెబుతుంది. 'రీఏజెంట్‌సీ /డిజేబుల్' అంటే ఆ పార్టిషన్‌లోని విన్‌ఆర్‌ఈ అనే రికవరీ ఫైలు సీ డ్రైవ్‌లోకి, విండోస్‌లో సిస్టమ్32 కింద ఉన్న రికవరీ ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది. అది దాచిన ఫైలు. 'డిర్ /ఏ' వాడితేనే కనిపిస్తుంది. అక్కడ ఉందని చూసుకున్నాకే డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లండి.

డీని 'డిలీట్ పార్టిషన్'తో తీసేయండి. రికవరీకి ఆ కమాండ్ ఒప్పుకోదు, 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' అనాలి. ఓవర్‌రైడ్ అన్నాక ఇక ఏ రక్షణా ఉండదు కనుక ఎంటర్‌కు ముందు పార్టిషన్ నంబర్ ఇంకోసారి చూడండి. 10 జీబీ, 15 జీబీ సైజులో ఇంకో రికవరీ పార్టిషన్ ఉంటే దాని జోలికి పోకండి. ల్యాప్‌టాప్‌ను కొన్ననాటి స్థితికి తెచ్చే కంపెనీ కాపీ అందులో ఉండొచ్చు.

ఇప్పుడు 'సెలెక్ట్ వాల్యూమ్ సీ', 'ఎక్స్‌టెండ్ సైజ్=102400'. గమనించండి, క్రియేట్‌లో సైజ్ అంటే మొత్తం సైజు, ఎక్స్‌టెండ్‌లో సైజ్ అంటే అదనంగా కలపాల్సింది. 118కి 100 కలిసి 218 అవుతుంది. మిగిలినదాంట్లో డీని కొత్తగా చేసి, ఫార్మాట్ చేసి, డేటా వెనక్కి వేసుకోండి. చివరగా 'రీఏజెంట్‌సీ /ఎనేబుల్'. విడి పార్టిషన్ లేదు కనుక రికవరీ ఫైళ్లు సీలోనే దాచిన ఫోల్డర్‌లో సర్దుకుంటాయి. సీ మీద బిట్‌లాకర్ ఉంటే మాత్రం ఇది ఒప్పుకోకపోవచ్చు. '/ఇన్ఫో'లో ఎనేబుల్డ్ అని వచ్చిందంటే పని అయినట్టే. బిట్‌లాకర్‌ను ఆపి ఉంటే అదే ప్రొటెక్టర్స్ కమాండ్‌లో డిజేబుల్ బదులు ఎనేబుల్ కొట్టి మళ్లీ ఆన్ చేయండి.

పాత ఎంబీఆర్ డిస్కులున్నవారికి ఒక తిరకాసు. డీ అక్కడ తరచుగా ఎక్స్‌టెండెడ్ అనే పెట్టె లోపల లాజికల్ పార్టిషన్‌గా ఉంటుంది. డీని తీసేసినా పెట్టె అలాగే ఉంటుంది, ఆ ఖాళీ సీకి అందదు. పెట్టెను కూడా సెలెక్ట్ చేసి తీసేయాలి. అందులో ఇంకో లాజికల్ పార్టిషన్ ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

సీ నుంచే కోయాలనుకునేవారు 'ష్రింక్ క్వెరీమ్యాక్స్' కొడితే ఎంత వస్తుందో చెబుతుంది. 200 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీ మాత్రమే వస్తానంటే, కదలని ఫైలు ఏదో చివర్లో కూర్చుని ఉందని అర్థం. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు సాధారణంగా దొరికే దొంగలు. 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొట్టి, పేజ్ ఫైల్ తాత్కాలికంగా తీసేసి, రీస్టార్ట్ చేసి చూడండి. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబర్ ఈవెంట్ చదివితే అడ్డుపడిన ఫైలు పేరే రాసి ఉంటుంది.

ప్రశ్న: పెన్‌డ్రైవ్ అనుకుని ఫ్యామిలీ ఫొటోలున్న 1 టీబీ డిస్క్ మీద 'క్లీన్' కొట్టాను. ఇప్పుడు దాన్ని తెరవబోతే ఇనిషియలైజ్ చేయమంటోంది. ఏమైనా మిగిలిందా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: చాలావరకు అన్నీ ఉండే అవకాశముంది, మీరు ఇంకేమీ చేయకపోతే. ఇనిషియలైజ్ చేయకండి, ఫార్మాట్ చేయకండి, చెక్‌డిస్క్ అసలే వద్దు. క్లీన్ తుడిచేది పార్టిషన్ల పట్టికను. జీపీటీ డిస్క్ అయితే చివర్లో ఉండే నకలు పట్టిక కూడా పోతుంది. ఈ మధ్య పదిహేనేళ్లుగా వస్తున్న డిస్కుల్లో మొదటి పార్టిషన్ 1 ఎంబీ దాటాకే మొదలవుతుంది. కాబట్టి ఫైల్ సిస్టమ్ తలభాగం, ఫొటోలు ఉన్నచోటనే ఉంటాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే చీటీ మాత్రమే చిరిగింది. మీరు కొట్టింది 'క్లీన్ ఆల్' అయి, అది పూర్తయి ఉంటే మాత్రం ఆశ లేదు. అది ప్రతి సెక్టార్ మీదా సున్నాలు రాస్తుంది. అయితే దానికి గంటలు పడుతుంది, మీకు క్షణంలో అయిపోయింది కనుక ఉత్త క్లీనే.

టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనాన్ని వేరే డ్రైవ్‌లోకి దించుకోండి. డిస్క్‌ను సైజ్ చూసి ఎంచుకుని, పట్టిక రకం దగ్గర పాతది జీపీటీ అయితే ఈఎఫ్ఐ జీపీటీ, ఎంబీఆర్ అయితే ఇంటెల్ ఎంచుకోండి. అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. దొరికిన పార్టిషన్ మీద ఉండి పీ నొక్కితే లోపలి ఫైళ్ల జాబితా వస్తుంది. మీ ఫోల్డర్లు కనిపిస్తే సగం ప్రాణం లేచొచ్చినట్టే. వెంటనే రైట్ (పట్టికను డిస్క్ మీద రాసే ఆదేశం) కొట్టకండి. ముందు ఆ జాబితా నుంచే ముఖ్యమైన ఫొటోలను ఎంచుకుని ఇంకో డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ తర్వాతే పట్టిక రాసి రీస్టార్ట్ చేయండి. క్విక్ సెర్చ్‌లో రాకపోతే డీపర్ సెర్చ్, కొన్ని గంటలు పట్టవచ్చు.

క్లీన్ తర్వాత క్విక్ ఫార్మాట్ కూడా చేసేసిన వారికి పరిస్థితి కొంత కష్టం. టెస్ట్‌డిస్క్‌తోనే వచ్చే ఫొటోరెక్ ఫొటోలను వెలికితీస్తుంది కానీ పేర్లు, ఫోల్డర్లు పోతాయి. అది కూడా తిరిగే డిస్క్ అయితేనే. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేస్తే విండోస్ ట్రిమ్ పంపుతుంది, ఆ బ్లాకులు ఇక ఖాళీ అని డ్రైవ్‌కు చెప్పేస్తుంది. దాని తర్వాత దొరికేది చాలా తక్కువ. డిస్క్‌లోంచి టిక్ టిక్ శబ్దం వస్తుంటే ఏ సాఫ్ట్‌వేరూ నడపకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వడమే మేలు.

విండోస్ నడుస్తున్న డిస్క్ మీద క్లీన్ కొడితే డిస్క్‌పార్ట్ ఒప్పుకోదు. ఆ ధైర్యంతో ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్ తెరిచినవాళ్లు జాగ్రత్త. అక్కడ నడుస్తున్నది ర్యామ్‌లోని విండోస్, మీ సీ డ్రైవ్ దానికి మామూలు డిస్కే. అడ్డుచెప్పదు.

ప్రశ్న: లినక్స్‌లో ఎఫ్‌డిస్క్ కూడా ఇంత ప్రమాదకరమేనా? ఇంట్లో పాత డెస్క్‌టాప్‌ను ఫైల్ సర్వర్‌గా మార్చి రెండో డిస్క్ చేరుస్తున్నాను.
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: స్వభావంలో కొంచెం సాధువు. ఎఫ్‌డిస్క్‌లో మీరు చేసేదంతా ముందు మెమరీలోనే జరుగుతుంది. డబ్ల్యూ నొక్కేదాకా డిస్క్ మీద ఏదీ రాయదు, అనుమానం వస్తే క్యూ నొక్కి బయటికి రావచ్చు. అదే పార్టెడ్ అనే ఇంకో సాధనం డిస్క్‌పార్ట్ లాంటిదే, ఎంటర్‌తోనే రాసేస్తుంది. రెండూ అలవాటున్నవాళ్లే ఎక్కువగా పొరబడతారు.

'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్' కొట్టి డిస్క్‌ను సీరియల్ నంబర్‌తో సహా గుర్తించండి. దాని పేరు ఎస్‌డీబీ అనుకుంటే 'సుడో ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డీబీ'. కొత్త డిస్క్ కనుక జీ నొక్కితే జీపీటీ పట్టిక వస్తుంది. ఎన్ నొక్కి, పార్టిషన్ నంబర్, మొదటి సెక్టార్ రెంటికీ ఎంటర్. మొదటి సెక్టార్ 2048 అని అదే ఇస్తుంది, అంటే సరిగ్గా 1 ఎంబీ. దాన్ని మార్చకండి. ఇప్పటి డిస్కులు లోపల 4096 బైట్ల సెక్టార్లతో పనిచేస్తాయి. పాత రోజుల్లోలా 63 నుంచి మొదలుపెడితే చాలా రాతలు రెండు సెక్టార్ల మీద అడ్డంగా పడి వేగం పడిపోతుంది. చివరి సెక్టార్ దగ్గర '+100జీ' అంటే 100 జీబీ, 1024 లెక్కన. పీ నొక్కి చూసుకుని, సరిపోతే డబ్ల్యూ.

పాత పార్టిషన్‌ను తీసి అదే చోట పెద్దదిగా మళ్లీ చేస్తున్నప్పుడు, అక్కడ పాత ఫైల్ సిస్టమ్ గుర్తు ఉంది, తుడిచేయమంటారా అని అడుగుతుంది. సైజు పెంచడమే మీ ఉద్దేశమైతే వద్దనండి. మొదటి సెక్టార్ పాతదానితో ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. తర్వాత 'రీసైజ్2ఎఫ్ఎస్'. ఈ పనికి ముందు 'ఎస్ఎఫ్‌డిస్క్ -డీ /డెవ్/ఎస్‌డీబీ' ఫలితాన్ని ఒక ఫైలులోకి మళ్లించి ఇంకో డిస్క్‌లో దాచుకుంటే, పట్టిక చెడినా అరనిమిషంలో తిరిగి పెట్టుకోవచ్చు.

డబ్ల్యూ తర్వాత డివైస్ బిజీ అని వస్తే, పట్టిక డిస్క్ మీద మారింది కానీ కెర్నెల్ (లినక్స్ కేంద్రభాగం) ఇంకా పాతదే పట్టుకుని ఉందని అర్థం. 'పార్ట్‌ప్రోబ్' కొట్టండి, లేదా రీస్టార్ట్ చేయండి. అంతవరకు ఫార్మాట్ చేయకండి, పాత హద్దుల ప్రకారం చేసేస్తుంది. ఫార్మాట్‌కు 'ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎం 1 /డెవ్/ఎస్‌డీబీ1'. ఆ 'ఎం 1' ఎందుకంటే, ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ (అడ్మినిస్ట్రేటర్) కోసం పక్కనపెడుతుంది. 1 టీబీలో అది 46 జీబీ పైమాట. ఉత్త ఫైళ్లు దాచే డిస్క్‌కు అంత దండగ. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) ఎస్‌డీబీ1 అని కాకుండా 'బీఎల్‌కేఐడీ' ఇచ్చే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య రాయండి. ఇంకో డిస్క్ చేరితే ఆ పేర్లు తారుమారవుతాయి. 'నోఫెయిల్' అని కూడా చేర్చండి, లేకపోతే డిస్క్ లేనినాడు సర్వర్ బూట్ మధ్యలోనే నిలబడిపోతుంది. రాశాక 'మౌంట్ -ఏ' కొట్టి తప్పులేమీ రాలేదని చూసుకోండి.

ప్రశ్న: విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా. నా కంప్యూటర్ డిస్క్ ఎంబీఆర్‌లో ఉంది. విండోస్ 11కు డిస్క్ మొత్తం చెరిపి జీపీటీ చేయాలా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, అనంతపురం

జవాబు: చెరపనక్కర్లేదండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సపోర్ట్ ముగిసినా, అందులోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం డేటా ఉండగానే మారుస్తుంది. ముందు 'ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /డిస్క్:0 /అలౌఫుల్ఓఎస్'. ఇది పరీక్ష మాత్రమే, ఏమీ మార్చదు. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించినా, ఎక్స్‌టెండెడ్ ఉన్నా ఇక్కడే ఫెయిల్ అవుతుంది. పాస్ అయితే బ్యాకప్ తీసుకుని, వ్యాలిడేట్ స్థానంలో కన్వర్ట్ అని పెట్టి కొట్టండి. అయ్యాక బయోస్‌లోకి వెళ్లి లెగసీ లేదా సీఎస్ఎం అనే పాత బూట్ పద్ధతిని ఆపి, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చాలి. ఈ మెట్టు మరిచిపోయి, కంప్యూటర్ బూట్ కావడం లేదని కంగారుపడేవారు ఎక్కువ. యూఈఎఫ్ఐ లేని పాత బోర్డు అయితే కన్వర్ట్ చేయనే చేయకండి, అసలు లేవదు. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), దాని జాబితాలో ఉన్న ప్రాసెసర్ కూడా కావాలి, ముందు అవి చూసుకోండి.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 5 జీబీ సినిమా ఎక్కడం లేదు, చోటు ఉన్నా పెద్ద ఫైలు అంటోంది. ఇంకో పెన్‌డ్రైవ్ అయితే రైట్ ప్రొటెక్టెడ్ అని మొండికేస్తోంది.
– కేబుల్ టీవీ టెక్నీషియన్, ఖమ్మం

జవాబు: మొదటిది ఫ్యాట్32లో ఉంది. దాంట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. డిస్క్‌పార్ట్‌లో ఆ పెన్‌డ్రైవ్ వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి: 'ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎక్స్‌ఫ్యాట్ క్విక్'. మరీ పాత టీవీలు, కారు ఆడియోలు ఎక్స్‌ఫ్యాట్ చదవకపోవచ్చు. వాటికి ఎన్‌టీఎఫ్ఎస్ ప్రయత్నించండి, అదీ కాకపోతే సినిమానే చిన్న సైజులోకి మార్చుకోవాలి.

రెండోదానికి, పక్కన చిన్న లాక్ మీట ఏమైనా ఉందేమో చూడండి. లేకపోతే డిస్క్‌పార్ట్‌లో ఆ డ్రైవ్ సెలెక్ట్ చేసి 'యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ' కొట్టండి. ఆ తర్వాత 'యాట్రిబ్యూట్స్ డిస్క్' అని మాత్రమే కొట్టినప్పుడు కరెంట్ రీడ్‌ఓన్లీ స్టేట్ పక్కన ఇంకా యెస్ అనే ఉంటే కమాండ్లతో అయ్యే పని కాదు. లోపలి ఫ్లాష్ మెమరీ అరిగిపోయినప్పుడు కొన్ని పెన్‌డ్రైవ్‌ల కంట్రోలర్ రాయడం ఆపేసి చదవడానికే వదులుతుంది. చదవనిస్తున్నప్పుడే ఉన్నది కాపీ చేసుకుని కొత్తది కొనండి.